అందరూ ఆహ్వానితులే

శనివారం. ఆఫీసు లేదు కాబట్టి ఇంటి పని ఎక్కువ. బట్టలు, ఇస్త్రీ, అమ్మ మాత్రలు, గ్యాసు బండ కోసం ఫోన్లు. సాయంత్రానికి మిక్సీ జారు పట్టుకుని చిక్కడపల్లి వెళ్ళాను. బ్లేడు కింద బుష్ అరిగిపోయిందట, గంటా గంటన్నర ఆగి రమ్మన్నాడు షాపతను. ఏం చేయాలో తోచక సందులో నడుస్తుంటే ఒక మేడ మీద నుంచి మృదంగం వినిపించింది. రికార్డు కాదు, ఎవరో కూర్చుని శ్రుతి చేసుకుంటున్న చప్పుడు. మెట్లెక్కాను.

చిన్న హాలు. నూరు కుర్చీలు వేసి ఉన్నాయి, మనుషులు పాతిక మంది ఉంటారేమో. గుమ్మం దగ్గర ఒక పెద్దాయన ఎదురొచ్చి, అచ్చం పెళ్ళిలో అడిగినట్టే, "రండమ్మా, అమ్మాయి తరఫా?" అన్నారు. ఎవరి తరఫూ కాదండీ, మృదంగం వినపడితే వచ్చానని చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, ఏమనుకున్నారో, తీసుకెళ్ళి ముందు వరుసలో కూర్చోబెట్టారు. ఇక మధ్యలో లేచే వీలు లేదు.

మృదంగం ఆయన ఎడమ మూతకు తడిపిన రవ్వ ముద్ద అద్ది, కుడి వైపు అంచు మీద చిన్న రాయితో ఒక్కొక్క దెబ్బ వేస్తూ, తల వంచి వింటున్నారు. పాడే అమ్మాయికి ఇరవై ఏళ్ళు ఉంటాయేమో. తంబుర లేదు. ఫోనులో తంబుర యాప్ పెట్టి, ఆ ఫోనును మైకు ముందు ఆనించారు. మొదట పాడే వర్ణం అయింది. మోహన రాగం ఎత్తుకుంది. ఆలాపన సగంలో ఉండగా ఆ ఫోనుకు ఎవరో కాల్ చేశారు. శ్రుతి ఆగిపోయి రింగుటోను హాలంతా మోగింది. అమ్మాయి కళ్ళు కూడా తెరవలేదు. వయొలిన్ ఆయన విల్లు షడ్జం (స) మీద వేసి అలా లాగుతూ ఉండిపోయారు. ఒక కుర్రాడు పరుగున వేదికెక్కి ఫోను సర్దేదాకా ఆమె గాంధారం (గ) దగ్గరే నిలబడి, దాని చుట్టూ చిన్న చిన్న స్వరాల మెలికలు అల్లుతూ గడిపింది. యూట్యూబులో ఎంతోమంది పెద్దవాళ్ళ మోహన విన్నాను. ఆపద వచ్చినప్పుడు రాగం ఎలా నిలబడుతుందో మాత్రం అక్కడ ఎవరూ చూపించరు, కత్తిరించేస్తారు.

మా నాన్నకు పేపరు అంటే లోపలి పేజీలో వచ్చే "నగరంలో నేడు". ఒక్కో కార్యక్రమానికి ఒక్కటే వాక్యం: ఎవరి గాత్రం, పక్కవాద్యాలు ఎవరు, ఎక్కడ, ఎన్నింటికి. చివర "ప్రవేశం ఉచితం, అందరూ ఆహ్వానితులే". నాన్న పెన్సిలుతో గీత పెట్టుకుని, సాయంత్రం నన్ను స్కూటరు వెనక ఎక్కించుకుని బయలుదేరేవారు. రవీంద్రభారతి, త్యాగరాయ గానసభ, సికింద్రాబాదులో కీస్ హైస్కూలు, పబ్లిక్ గార్డెన్స్‌లో లలిత కళాతోరణం. పాడేవాళ్ళు మాకు చుట్టాలూ కారు, స్నేహితులూ కారు. మమ్మల్ని ఎవరి తరఫని ఎవరూ అడిగిన గుర్తు లేదు. పేపరులో పడింది, మేం వెళ్ళాం, అంతే. నచ్చకపోతే చివర్లో పాడే చిన్న పాటల, తుకడాల దాకా ఆగకుండా లేచి, బయట మిరపకాయ బజ్జీలు తిని ఇంటికి వచ్చేవాళ్ళం. (ఆ బజ్జీల కోసమే నేను వెళ్ళిన కచేరీలూ ఉన్నాయి.)

ఇప్పుడు మా ఇంటికి వచ్చే పేపరులో ఆ శీర్షిక ఒక రోజు ఉంటుంది, రెండు రోజులు ఉండదు. ఉన్న రోజున కూడా రక్తదాన శిబిరం, సంస్మరణ సభ, ఎవరో నాయకుడి పుట్టినరోజు.

మంగళం పాడాక, సన్మానానికి వేదిక మీద కుర్చీలు సర్దుతుండగా ఆ పెద్దాయన వచ్చి పక్కన కూర్చున్నారు. ఆయనే నిర్వాహకుడట. "ఇదివరకు లెటర్‌హెడ్ మీద నాలుగు ముక్కలు రాసి పేపరాఫీసులో ఇచ్చి వస్తే చాలమ్మా, ఎవరెవరో వచ్చేవారు. ఇప్పుడు రంగురంగుల కార్డు చేయించి వాట్సాప్ గ్రూపుల్లో పెడుతున్నాను. ఆ గ్రూపుల్లో ఉన్నదంతా పాడేవాళ్ళు, వాళ్ళ అమ్మానాన్నలు. ఒకరి కచేరీకి ఒకరు వస్తారు." హాలు అద్దె, మైకు ఖర్చు అమ్మాయి నాన్నే పెట్టుకున్నారట. టికెట్టు పెట్టకూడదా మాస్టారూ, రూ.500 లోపయితే జీఎస్టీ కూడా లేదు కదా అన్నాను, అకౌంట్సులో పనిచేసే బుద్ధి పోనిచ్చుకోక. ఆయన నవ్వారు. యాభై రూపాయలు పెట్టినా ఈ పాతిక మందిలో పది మంది మిగలరన్నారు. కచేరీకి డబ్బివ్వక్కర్లేదని మాకందరికీ నేర్పింది ఈ సంగీత సభలే కదా అని నోటి దాకా వచ్చింది, ఆయన మొహం చూసి ఊరుకున్నాను.

పైగా ఊరు పడమటికి జరిగిపోయింది. హాళ్ళేమో చిక్కడపల్లిలో, బాగ్‌లింగంపల్లిలో, సైఫాబాద్‌లో ఉన్నాయి. వినాల్సినవాళ్ళు కొండాపూర్, మియాపూర్, నల్లగండ్ల చేరారు. మాదాపూర్‌లో ఆఫీసు దిగి ఆరున్నర కచేరీకి ఇటు వచ్చేసరికి మంగళం పాడేస్తారు. బంజారాహిల్స్‌లో 2010లో మొదలైన లామకాన్ లాంటి చోటు అటు ఉండబట్టి సరిపోయింది. చాయ్ తాగుతూ గజలో నాటకమో చూసి పోవచ్చు. ఇంత ఊరికి అలాంటివి పేటకొకటి ఉండాలి. నాంపల్లి యూసుఫైన్ దర్గాలో గురువారం ఖవ్వాలీకి ఏ పేపరు ప్రకటనా అక్కర్లేదు. రోజు మారదు, చోటు మారదు, వచ్చినవాళ్ళను ఎవరని అడగరు. సభలవాళ్ళు కనీసం ఆ పద్ధతయినా పట్టుకోవచ్చు.

పెద్ద కచేరీల సంగతి వేరు. 2025 ఫిబ్రవరి 2న రామోజీ ఫిల్మ్ సిటీలో ఎడ్ షీరన్ పాడతాడని నేను అడగకుండానే ఫోను చెప్పింది, ఒకసారి కాదు, విసుగు పుట్టేదాకా. మా అక్క కొడుకు వెళ్ళి గొంతు పోయేలా అరిచి వచ్చాడు, వాడి ఆనందం వాడిది. నా బాధల్లా, ఊరవతల జరిగేది అంత ముందుగా తెలిసి, పక్క సందులో పాడుతున్న పిల్ల సంగతి మిక్సీ పాడైతే తప్ప తెలియకపోవడం.

సన్మానం మొదలైంది. ముఖ్య అతిథి తన చిన్నతనం నుంచి ఎత్తుకున్నారు. ఆ ప్రసంగం మోహన కంటే పొడుగు సాగేలా ఉంది. షాపు మూసేస్తాడని లేచాను. గుమ్మం దగ్గర మాస్టారు నా నంబరు రాసుకుని, వచ్చే శనివారం ఆరున్నరకు ఇక్కడే వేణువు ఉంది, నలుగురికీ చెప్పమన్నారు.

చెప్పాను. రాత్రి మా అపార్ట్‌మెంటు గ్రూపులో, నీళ్ళ ట్యాంకరు లెక్కల కింద పెట్టాను. ఎవరి వేణువో, ఎక్కడో, ఎన్నింటికో, చివర "అందరూ ఆహ్వానితులే" కూడా రాశాను. పడుకోబోయే ముందు చూస్తే మూడు దండాలు, మూడో అంతస్తు రావుగారి ప్రశ్న ఒకటి ఉన్నాయి: "పార్కింగ్ ఉందా అండీ?"

లేదు. బస్సులో పోదాం రండి అని రాశాను.