డొమినీకాకు పది రోజుల ప్రణాళిక
కరీబియన్ సముద్రంలోని డొమినీకాకు వెళ్లాలని అక్కా నేనూ నిర్ణయించుకున్నప్పటి నుంచి, ఎవరికి చెప్పినా ముందుగా ఒక పొరపాటును సరిదిద్దవలసి వస్తోంది. మేము వెళ్లబోయేది డొమినికన్ రిపబ్లిక్‌కు కాదు. అది స్పానిష్ మాట్లాడే పెద్ద దేశం, హైతీతో కలిసి ఒకే దీవిలో ఉంటుంది. డొమినీకా అలా కాదు. అది గ్వాడెలూప్, మార్టినిక్ అనే దీవుల నడుమ, దాదాపు 750 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో, 70 వేలకు అటూ ఇటూగా జనాభాతో, ఇంగ్లిషు అధికార భాషగా ఉన్న చిన్న దేశం. 1978 నవంబరు 3న బ్రిటన్ నుంచి స్వాతంత్ర్యం పొందింది. టికెట్ల కోసం వెతుకుతున్నప్పుడు ఒక వెబ్‌సైటు మమ్మల్ని డొమినికన్ రిపబ్లిక్ రాజధాని శాంటో డొమింగోకు పంపబోయింది; డబ్బు చెల్లించే ముందు అక్క విమానాశ్రయం పేరు పైకి చదవబట్టి బయటపడ్డాం. మీరు వెళ్లేటట్లయితే టికెట్ మీద డగ్లస్-చార్లెస్ అనే పేరు ఉందో లేదో తప్పక చూసుకోండి.

ఉత్తరం నుంచి దక్షిణానికి 47 కిలోమీటర్లు, వెడల్పు ఎక్కువలో ఎక్కువ 26 కిలోమీటర్లు. ఈ అంకెలు చూసి, నాలుగు రోజుల్లో దీవి అంతా తిరిగి రావచ్చునని నేను మొదట లెక్క వేశాను. ఆ లెక్క తప్పని ఒక దారప్పోగు తేల్చింది. పటాన్ని పెద్దదిగా ముద్రించి బల్ల మీద పరిచి, ఈశాన్యంలోని విమానాశ్రయం నుంచి నైరుతి తీరాన ఉన్న రాజధాని రోసో వరకు రోడ్డు వెంటే దారాన్ని పరుస్తూ పోయాను. వంపు వచ్చిన చోటల్లా వేలితో అదిమి పట్టి, మళ్లీ తిప్పి, మళ్లీ అదిమి చివరికి చేర్చాను. ఆ దారాన్ని తీసి నిటారుగా లాగితే రెండు చోట్ల మధ్య సూటి దూరానికి ఒకటిన్నర రెట్లకు పైగా తేలింది. పైగా ఆ వంపులన్నీ కొండ ఎక్కుతూ దిగుతూ ఉండేవే, ఎందుకంటే ఈ దీవి సముద్రంలోంచి లేచిన అగ్నిపర్వతాల వరుస. మోర్న్ డయాబ్లోటాన్ శిఖరం ఎత్తు 1,447 మీటర్లు. ఇక్కడి ఆదివాసులైన కాలినాగోలు తమ దీవిని వైతుకుబులి అని పిలిచేవారు. ఆమె దేహం ఎంత ఎత్తో అని దాని అర్థం. దారం చూశాక అక్క ఒక్కటే అంది, “ఎంత దూరమో నాకు చెప్పకు, ఎంతసేపు పడుతుందో చెప్పు.” అప్పటి నుంచి ప్రణాళికలో కిలోమీటర్ల గడి తీసేసి గంటల గడి పెట్టాను.

నాలుగు రోజులు పది రోజులు కావడానికి అసలు కారణం మాత్రం బాయిలింగ్ లేక్. మోర్న్ త్రువా పిటాన్ జాతీయ ఉద్యానంలో, 1997లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన అడవి నడుమ ఉన్న మరిగే చెరువు అది. దాదాపు 60 మీటర్ల అడ్డకొలత గల గుంటలో బూడిద రంగు కలిసిన నీలి నీరు నిలిచి ఉంటుంది. అడుగున ఉన్న శిలాద్రవపు వేడితో పగుళ్లలోంచి ఆవిరీ వాయువులూ పైకి తన్నుకు వస్తుంటే మధ్యభాగం ఎసరులా కుతకుతలాడుతుంది. అంచుల దగ్గరే నీటి వేడి 80 డిగ్రీలు దాటుతుంది. 2004 డిసెంబరులో ఆ నీటిమట్టం అమాంతం పడిపోయి, 2005లో మళ్లీ నిండింది. అక్కడికి రోడ్డు లేదు. లోదా అనే ఊరి దగ్గర మొదలుపెట్టి, గంధకపు వాసనా బుడగలెత్తే బురదా ఉన్న వ్యాలీ ఆఫ్ డెసోలేషన్ గుండా నడవాలి. రానుపోను దాదాపు 13 కిలోమీటర్లు, ఆరేడు గంటల పని. ఆ లోయలో నేల పైపొర పలచగా ఉండే చోట్లు ఉన్నాయి కనుక, దారి తెలిసిన గైడు లేకుండా వెళ్లకూడదన్నది నా దృఢ నిశ్చయం. అక్కకు మోకాళ్ల నొప్పి. ఆమె ఆ రోజు ట్రాఫల్గర్ జలపాతాల దగ్గరి వాటన్ వేవన్ అనే ఊళ్లో వేడినీటి బుగ్గల్లో కూర్చుంటుంది. ఆ నేల వేడినే నేను నడిచి వెళ్లి చూస్తాను, ఆమె కాళ్లకు పట్టించుకుంటుంది. ఈ ఏర్పాటు మా ఇద్దరికీ నచ్చింది.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు వాన తక్కువ. అందుకే మార్చి ఎంచుకున్నాం. అయినా లోపలి కొండల్లో ఏ నెలలోనైనా వాన పడుతుంది, వాగులు పొంగితే నడక ఆగిపోతుంది. జూన్ నుంచి నవంబరు వరకు తుపానుల కాలం. 2017 సెప్టెంబరు 18 రాత్రి మరియా తుపాను అన్నిటికన్నా పైదైన ఐదో శ్రేణి తీవ్రతతో ఈ దీవిని తాకి, ఇళ్ల పైకప్పులను లేపేసి, అడవిని ఆకు లేకుండా చేసింది. కాబట్టి అంతకుముందు రాసిన ప్రయాణ సమాచారాన్ని, ముఖ్యంగా దీవి పొడవునా 14 భాగాలుగా సాగే వైతుకుబులి నేషనల్ ట్రయల్ అనే నడకదారి గురించి రాసినదాన్ని, ఇప్పటి పరిస్థితితో సరిచూసుకోకుండా నమ్మవద్దు.

ఈశాన్య తీరాన 3,700 ఎకరాల కాలినాగో ప్రాంతానికి రెండు రోజులు కేటాయించాను. 1903లో బ్రిటిష్ పాలకులు వారికి కేటాయించిన ఆ భూమి నేటికీ ఉమ్మడి ఆస్తి. ఎవరూ అమ్ముకోవడానికి వీల్లేదు. విషముండే కర్రపెండలాన్ని తురిమి, రసం పిండేసి, ఆ పిండితో పెనం మీద రొట్టె కాల్చే పద్ధతిని వారు తరతరాలుగా నిలుపుకొన్నారు. లరూమా అనే రెల్లుతో బుట్టలు అల్లుతారు. దారిలో ఆగి ఫొటో తీసుకుని వెళ్లిపోవడం నాకు ఇష్టం లేదు, అందుకే రాత్రి అక్కడే బస.

ఉత్తరాన పోర్ట్స్‌మత్ దగ్గర ఇండియన్ రివర్‌లో తెడ్డు పడవలో పోవచ్చు, మోటారు పడవలకు అనుమతి లేదు. పడమటి సముద్రంలో స్పెర్మ్ తిమింగలాలు ఏడాది పొడవునా ఉంటాయి. వాటి కోసం ప్రత్యేక రక్షిత ప్రాంతాన్ని ఏర్పాటు చేస్తున్నట్లు 2023 నవంబరులో ప్రభుత్వం ప్రకటించింది. డబ్బు తూర్పు కరీబియన్ డాలర్, ఒక అమెరికన్ డాలర్‌కు 2.70. సైనికుల దుస్తుల్లాంటి మచ్చల బట్టలను పౌరులు ధరించడం అక్కడ నిషిద్ధం కనుక, అలాంటి నా టోపీని సంచిలోంచి తీసేశాను.

మయామి నుంచి నేరుగా విమానం ఉంది, కానీ అమెరికాలో విమానం మారడానికే చాలామందికి వీసా అవసరం. గ్వాడెలూప్ నుంచి ఫెర్రీలో రావాలంటే అది ఫ్రాన్స్ భూభాగం. అయినా ఐరోపా దేశాలకు వెళ్లడానికి ఇచ్చే షెంగెన్ వీసా ఒక్కటే సరిపోతుందని అనుకోకండి. ఈ రెండింటిలో ఏదన్నది ఇంకా తేలలేదు. దీవిలోని రోజులు మాత్రం ఖాయం చేశాను. చెరువు నడక ఐదో రోజున. వాన అడ్డుపడితే వాడుకోవడానికి ఆరు, ఏడు రోజుల గడులను ఖాళీగా ఉంచాను, వాటిలో ఏమీ రాయవద్దని అక్క పెన్సిలు తీసేసుకుంది.