ఎర్రర్ కింద ఒక తెలుగు లైన్

హన్మకొండలో మా ఇంటి ముందు గదిలో సాయంత్రాలు ఆరుగురు ఇంజినీరింగ్ పిల్లలు లాప్‌టాప్‌లు పెట్టుకుని కూర్చుంటారు. నా ఉద్యోగం పని అయ్యాక వాళ్ళకు రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్పుతున్నాను. మొదటి రోజే ములుగు నుంచి వచ్చిన అమ్మాయి, ఫస్టియర్‌లో సీ నేర్చుకున్న అలవాటుతో ‘ఇంట్ ఎక్స్ = 5’ అని కొట్టింది. ఆశ్చర్యార్థకం, చుక్క, జంట కోలన్లు, సెమికోలన్... ఇక్కడ వీటిలో ఏదో ఒకటి రావాలి, ఎక్స్ వచ్చింది అన్నది కంపైలర్, అంటే మనం రాసిన కోడ్‌ను చదివి కంప్యూటర్ నడిపేలా మార్చే ప్రోగ్రాం. ముందు ‘లెట్’ రాయాలన్న ముక్క మా దగ్గరున్న వర్షన్ చెప్పలేదు. ‘నాతోని కాదక్కా’ అని లాప్‌టాప్ మూసేసింది. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

నిజానికి రస్ట్ కంపైలర్ అంత ఓపికగా చెప్పేది ఇంకొకటి నేను చూడలేదు. సీలో వదిలేసిన మెమరీని మళ్ళీ ముట్టుకుంటే, అదృష్టం బాగుంటే ‘సెగ్మెంటేషన్ ఫాల్ట్’ అని రెండు మాటలు వస్తాయి. ఎక్కడో, ఎందుకో మనమే వెతుక్కోవాలి. రస్ట్ అయితే ప్రోగ్రాం నడవకముందే ఆపుతుంది. 2016లో వచ్చిన 1.12 వర్షన్ నుంచి మన కోడ్‌నే ముందుపెట్టి, తప్పు కింద గీత గీసి, ఆ పక్కనే కారణం రాసి మరీ చెప్తుంది. తెలుగు మీడియంలో చదివిన పిల్లలకు ఆ చెప్పేది అందడం లేదు, అంతే. ‘మూవ్’, ‘బారో’ అనే మాటలు వాళ్ళకు తెలుసు, కానీ ఇక్కడ వాటికున్న అర్థం వేరు: ఒకటి విలువను పూర్తిగా ఇచ్చేయడం, ఇంకోటి వాడుకోవడానికి అరువు తీసుకోవడం.

కంపైలర్ తన ఎర్రర్లను జేసన్ రూపంలో, అంటే వేరే ప్రోగ్రాం చదువుకోగలిగేలా కూడా ఇస్తుంది. అందులో ఎర్రర్ నంబర్, లైన్ నంబర్, సలహా విడివిడిగా ఉంటాయి. నంబర్ చూసి కింద ఒక తెలుగు లైన్ వేసే చిన్న ప్రోగ్రాం రాద్దామనుకున్నాను. రెండు వారాలు పిల్లలకు వచ్చిన ఎర్రర్లన్నీ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చింది ఈ0382. దానికి ‘యాజమాన్యం బదిలీ అయిన విలువను వాడారు’ అని రాసి చూపించాను. ఒక్కరికీ అర్థం కాలేదు. పరకాల అబ్బాయి కాసేపు చూసి, ‘అక్కా, మందు కొట్టే పంపు అరువిచ్చినమా, అమ్మేసినమా?’ అన్నాడు.

వాడి మాటే తీసుకున్నాను. ఇప్పుడు ఆ లైన్ ఇలా వస్తుంది: ‘దీన్ని 7వ లైన్‌లో ఫంక్షన్‌కు ఇచ్చేశావు, ఇప్పుడు నీది కాదు. అరువిస్తే చాలనుకుంటే ఇక్కడ పేరు ముందు, ఫంక్షన్‌లో టైపు ముందు & పెట్టు.’

తర్వాత కంపైలర్ మాటలు కనిపించే కిటికీ, టెర్మినల్‌తో తిప్పలు పడ్డాను. కంపైలర్ గీసే గీతల పక్కనే తెలుగు పెడితే అక్షరాల వెడల్పు సరిపోక గీతలు పక్కకు జరిగిపోయాయి. అసలు మెసేజ్‌ను ముట్టుకోకుండా, తెలుగును దాని కింద వేరే లైన్‌లో వేస్తే కుదిరింది.

నేను చేసిన పెద్ద తప్పు సలహాల దగ్గర. ప్రతి సలహా పక్కన కంపైలర్ దాని నమ్మకం కూడా రాస్తుంది: ఇది కళ్ళు మూసుకుని పెట్టొచ్చు, ఇది తప్పు కావచ్చు అని. నేను అది చదవకుండా అన్నిటినీ ‘ఇలా మార్చు’ అనే చూపించాను. ఒకబ్బాయి అలాగే మార్చాడు, ఒక ఎర్రర్ పోయి మూడు వచ్చాయి. కొత్తగా నేర్చుకునేవాడు మన మాట నమ్మి చేస్తాడు కదా, నాకు చాలా బాధనిపించింది. ఇప్పుడు నమ్మకం తక్కువున్నవాటికి ‘ఇది సరిపోవచ్చు, సరిపోకపోవచ్చు, ముందు చదువు’ అని వేస్తున్నాను.

ఇంతా చేశాక చూస్తే, ములుగు అమ్మాయిని ఆపేసిన ఆ మొదటి ఎర్రర్‌కు అసలు నంబరే లేదు. అలాంటి సింటాక్స్ తప్పులకు, అంటే కోడ్ రాసే పద్ధతిలోని తప్పులకు, నంబర్ గడి ఖాళీగా వస్తుంది. వాటికి మెసేజ్‌లోని మాటలను బట్టి పట్టుకునేలా ఇంకో పట్టిక రాయాల్సి వచ్చింది, ఒక ఆదివారమంతా దానికే పోయింది.

సోమవారం ఆ అమ్మాయిని పిలిచి, మళ్ళీ ‘ఇంట్ ఎక్స్ = 5’ కొట్టమన్నాను. ‘కొత్త వేరియబుల్ అయితే ముందు లెట్ రాయాలి’ అని వచ్చింది. దిద్దింది, నడిచింది. పోయిన వారం తనకే ఈ0502 వచ్చింది, పట్టికలో ఇంకా దానికి తెలుగు లేదు. ‘నేను రాస్తా అక్కా’ అని తనే రాసింది: ‘ఒకరు చూస్తుండగా ఇంకొకరు దిద్దరాదు.’ ఎవరు ఏ లైన్‌లో చూస్తున్నారో దానికి నేను చేర్చాను.