జెల్‌లో కనబడ్డ ఒక్క గీత: డేవిడ్ ఆలిస్ పట్టుకున్న ఎంజైమ్

అమెరికా జీవశాస్త్రవేత్త డేవిడ్ ఆలిస్ పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది ‘హిస్టోన్ కోడ్’. 2000లో బ్రయన్ స్ట్రాల్‌తో కలిసి రాసిన ప్రతిపాదన అది: డీఎన్ఏ చుట్టుకునే ప్రోటీన్లైన హిస్టోన్ల మీది రసాయన గుర్తులు, జన్యువులు ఎలా పనిచేయాలో చెబుతాయని. ఆయన పనితనం చూడాలంటే మాత్రం అంతకు ముందరి ఒక జెల్ దగ్గరికి వెళ్లాలి.

హిస్టోన్లకు ఎసిటైల్ అనే చిన్న రసాయన గుంపు తగిలితే జన్యువులు చురుకవుతాయని 1964లోనే విన్సెంట్ ఆల్‌ఫ్రీ సూచించారు. హిస్టోన్లలోని లైసిన్ అనే అమైనో ఆమ్లం మీది ధనావేశం పోతుంది, డీఎన్ఏ మీద హిస్టోన్ పట్టు సడలుతుంది. సరే, ఆ ఎసిటైల్‌ని అంటించేది ఎవరు? ముప్పై ఏళ్లు జవాబు లేదు. కణంలో ఆ ఎంజైమ్ ఉండేదే కొంచెం, శుద్ధి చేసే ప్రతి మెట్టులోనూ ఇంకొంత పోతుంది.

ఆలిస్ పట్టుకున్నది టెట్రహైమెనాని. మంచినీటి ఏకకణ జీవి, కేంద్రకాలు రెండు. పెద్దదాంట్లో జన్యువులు పనిచేస్తుంటాయి, హిస్టోన్ల మీద ఎసిటైల్ బాగా ఉంటుంది. కణం మామూలుగా పెరిగేటప్పుడు చిన్నది మౌనంగా ఉంటుంది. కాబట్టి వెతకాల్సింది పెద్దదాంట్లోనే.

ఇక జెల్. ప్రోటీన్లను విద్యుత్తుతో నడిపి విడగొట్టే మెత్తటి పలక అది. పోసేటప్పుడే అందులో హిస్టోన్లు కలిపేస్తారు. ప్రోటీన్లను ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్‌తో నడిపి, సైజు వారీగా విడగొట్టాక ఎస్‌డీఎస్‌ని కడిగేస్తారు. యూరియాలో పూర్తిగా విప్పి, మెల్లగా మళ్లీ మడతపడనిస్తారు. ఈ మెట్టులో తొందరపడితే ఎంజైమ్ తిరిగి లేవదు. తర్వాత ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) ఉన్న ఎసిటైల్ కోఎంజైమ్-ఎలో నానబెడతారు; ఎంజైమ్‌కి ఎసిటైల్‌ని అందించేది అదే. ఎంజైమ్ ఎక్కడ ఆగిందో, అక్కడి హిస్టోన్లకే రేడియోధార్మిక ఎసిటైల్ అంటుకుంటుంది. ట్రిటియం బీటా కిరణాలు మరీ బలహీనం, జెల్ దాటి ఫిల్మ్‌ని చేరలేవు. అందుకే ఆ కిరణాలను వెలుగుగా మార్చే ఫ్లోర్ అనే రసాయనం పట్టించి, ఎండబెట్టి, ఫిల్మ్ పెడతారు. హిస్టోన్ బదులు వేరే ప్రోటీన్ పోసిన జెల్ పక్కన లేకపోతే ఆ గీతను నమ్మకూడదు. ఎంజైమ్ తనకు తానే ఎసిటైల్ అంటించుకుని ఉండొచ్చు.

55 కిలోడాల్టన్ల (ప్రోటీన్ బరువు కొలత) దగ్గర గీత వచ్చింది. 1996లో జేమ్స్ బ్రౌనెల్, ఆలిస్ బృందం ఆ ఎంజైమ్ జన్యువును క్లోన్ చేసి చూస్తే, ఈస్ట్‌లో అప్పటికే జన్యువులను నడిపించే సహాయకుడిగా తెలిసిన జీసీఎన్5 అనే ప్రోటీన్‌కి అది బంధువు. ఎసిటైల్‌కీ జన్యు నియంత్రణకీ సూటి లంకె అలా దొరికింది. అదే ఏడాది స్టువర్ట్ ష్రైబర్ ల్యాబ్ ఎసిటైల్‌ని తీసేసే ఎంజైమ్‌ని పట్టుకుంది; దానికీ ఈస్ట్‌లో తెలిసిన నియంత్రకమే బంధువు, ఆర్‌పీడీ3.

ఈ జెల్‌కి ఒక గుడ్డి చోటు ఉంది. రెండు ఉపభాగాలు కలిస్తేనే పనిచేసే ఎంజైమ్ ఇందులో అసలు కనబడదు, ఎస్‌డీఎస్ వాటిని విడదీసేస్తుంది. కనబడ్డదాన్నీ పూర్తిగా నమ్మలేం. జీసీఎన్5 ఒంటరిగా విడి హిస్టోన్లకు ఎసిటైల్ బాగానే అంటిస్తుంది, న్యూక్లియోజోమ్ (డీఎన్ఏ చుట్టుకున్న హిస్టోన్ల ఉండ) ఇస్తే తడబడుతుంది. సాగా లాంటి పెద్ద ప్రోటీన్ల సముదాయంలో చేరాకే దానికి ఆ పని చేతనవుతుంది.