మందు మాన్పించే ముందు ఇంట్లోవాళ్లకు తెలియాల్సినవి

"రేపట్నుంచి చుక్క ముట్టను" అని ఒట్టు పెట్టించుకుని, గదిలో పెట్టి కాపలా కాయడం చాలా ఇళ్లలో జరిగేదే. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగే మనిషికి అది ప్రాణం మీదికి తేవచ్చు. తాగడం ఆపిన 6 గంటల నుంచే చేతులు వణకడం, చెమటలు పట్టడం మొదలవుతాయి. మొదటి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. 2 నుంచి 4 రోజుల మధ్య, దుప్పటి మీద లేని పురుగుల్ని ఏరుతూ, కన్నబిడ్డల్నే గుర్తుపట్టకపోతే అది దెయ్యం కాదు, నటనా కాదు. అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

కాబట్టి మానడానికి ముందే డాక్టర్‌ని కలవండి. రోజుకు ఎంత తాగుతారు, చివరిసారి ఎప్పుడు తాగారు, గతంలో ఫిట్స్ వచ్చాయా, నిద్రమాత్రలు కూడా వాడుతున్నారా? ఇవన్నీ కాగితం మీద రాసుకెళ్లండి. పరువు కోసం తగ్గించి చెబితే మందుల మోతాదు చాలదు.

డైసల్ఫిరామ్ (వేసుకున్నాక మందు తాగితే ఒంటికి పడకుండా చేసే మాత్ర)ను వాళ్లకు తెలియకుండా భోజనంలో కలిపి పెట్టడం మాత్రం వద్దే వద్దు. ఆ సంగతి తెలియక తాగితే బీపీ పడిపోయి ప్రాణాలే పోవచ్చు.

హెరాయిన్ లాంటివి మానినవాళ్లకు అసలు గండం ఇంటికొచ్చిన మొదటి వారాల్లోనే. శరీరానికి పాత మోతాదు తట్టుకునే శక్తి తగ్గిపోయి ఉంటుంది. మళ్లీ అంతే తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. అలాంటప్పుడు విరుగుడుగా ఇచ్చే నాలోక్సోన్ ఎక్కడ దొరుకుతుందో, ఎలా ఇవ్వాలో డిశ్చార్జ్ రోజే అడిగి తెలుసుకోండి.

మళ్లీ తాగితే తిట్లూ శాపనార్థాలూ పక్కనపెట్టి, మరుసటి రోజే డాక్టర్‌కి ఫోన్ చేయండి. తాగుడు కోసం వాళ్లు చేసిన అప్పులు మాత్రం మీరు తీర్చకండి.