అరకులో వ్యూ పాయింట్ కన్నా పురుగే నయం

బొర్రా గుహలు, బొంగులో చికెన్, అద్దాల రైలు పెట్టె గురించి రాయను. అందరూ చూసినవే. పైగా సెప్టెంబరు వానల్లో గాలికొండ వ్యూ పాయింట్ ఎక్కితే తెల్లటి మంచు తప్ప నాకేమీ కనపడలేదు. సీజన్ కాదు కదా, గది చవగ్గా దొరుకుతుందనుకుంటే మూడు వేలన్నాడు, వేడినీళ్ళ బకెట్‌కి మళ్ళీ వేరే. ఆ చిరాకుతోనే విశాఖ బస్సెక్కితే, అనంతగిరి దాటకుండానే అది కాస్తా ఆగిపోయింది. డ్రైవర్ బానెట్ ఎత్తి, "గంట పడుద్ది, కాఫీ తాగి రండి" అన్నాడు.

రోడ్డు పక్క కొట్లో కాఫీ ముప్పై రూపాయలు. పేపర్ గ్లాసులో మూడు గుక్కలు. పండే చోటే ఈ రేటేమిటో!

కొట్టు వెనక సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు. గట్టు మీద లాంటానా పూల దగ్గర ఒకటి రయ్యిమంటోంది. తుమ్మెదేమో అనుకున్నా. కానీ పువ్వు మీద వాలదే! గాల్లోనే నిలబడి పొడవాటి నాలుక లోపలికి పెట్టి, చటుక్కున పక్క పువ్వుకి పోతోంది. ఆకుపచ్చ ఒళ్ళు, నడుముకి ఎర్రటి పట్టీ, తోక చివర నల్ల కుచ్చు. రెక్కలు మాత్రం అద్దాలు. హాక్‌మాత్‌లని సీతాకోకచిలుకలకి చుట్టాలైన మాత్‌లున్నాయి, వాటిలో ఇదో రకం. గూడులోంచి వచ్చినప్పుడు రెక్కలకి పొలుసులుంటాయి, మొదటిసారి ఎగరగానే రాలిపోతాయి.

"దీని పురుగులు మా తోటలోనే ఉంటాయి సార్" అన్నాడు కొట్టు కుర్రాడు. ఆకులు వెతకలేదు, ముందు నేల చూశాడు. మొక్క కింద మిరియం గింజంత నల్లటి రెట్టలు, ఒక్కోదానికి నిలువునా గాడులు. సరిగ్గా వాటికి పైనున్న కొమ్మ వంచాడు. పచ్చటి పురుగు, వేలంత లావు, ఒంటి మీద వెంట్రుకలు లేవు. పక్కల వరసగా ఎర్రటి చుక్కలు, అవి ఊపిరి తీసుకునే రంధ్రాలు. తోక మీద కొమ్ము. మేం కదపగానే తల పైకెత్తి బిగుసుకుపోయింది.

నేను వెనక్కి జరిగా. జగిత్యాల వైపు మా నువ్వుచేలల్లో ఇలాంటి కొమ్ము పురుగుల్ని ఏరేటప్పుడు, కొమ్ము గుచ్చుకుంటే విషమని మా నాయనమ్మ దగ్గరికి రానిచ్చేది కాదు. కుర్రాడు వేలితో ఆ కొమ్ముని మెల్లగా వంచి చూపించాడు. మెత్తగా వంగింది, అంతే. నువ్వుల మీది పురుగు వేరే రకం, దాని కొమ్ము గరుగ్గా వంకర తిరిగి ఉంటుంది. అది పెరిగి, వీపు మీద పుర్రె బొమ్మతో తేనెపట్టుల్లో దూరి తేనె తాగే పెద్ద మాత్ అవుతుంది.

ఈ పురుగుల్ని పోల్చుకోవాలంటే రంగు నమ్మొద్దు, ఒకే రకంలో పచ్చవీ నల్లవీ ఉంటాయి. మొక్కని అడగాలి. గన్నేరు, నందివర్ధనం మీద ఉండి మెడ దగ్గర రెండు నీలి కళ్ళ బొమ్మలుంటే గన్నేరు హాక్‌మాత్. కాఫీ, గార్డెనియా మీదైతే ఈ అద్దాల రెక్కలది. ముందురోజు రాత్రి లాడ్జి ట్యూబ్‌లైట్ దగ్గర గోడకంటుకున్న మరో హాక్‌మాత్ పొట్ట మీద గులాబీ, నలుపు పట్టీలున్నాయి. దాని పిల్లలు చిలగడదుంప తీగ తింటాయి. మూడు వేల గదిలో గిట్టుబాటైంది అదొక్కటే.

"మీ కాఫీ ఆకులు తినేస్తోంది, చంపవా తమ్ముడూ?" అన్నాను.

"నాలుగాకులు తింటే ఏం పోద్ది సార్. కాయలోకి దూరేదానితోనే మాకు టెన్షన్" అన్నాడు. 2025లో అరకు తోటల్లో కాయతొలుచు పురుగు బయటపడ్డ సంగతి అతను చెప్పకపోయినా అర్థమైంది. కొమ్మ వదిలేశాడు.

బస్సు హారన్ కొట్టింది. పక్క సీటాయన "ఏం కొన్నారండీ అంతసేపు?" అన్నాడు. ఫోన్‌లో పురుగు ఫొటో పెద్దది చేసి చూపించా. ఆయన బ్యాగ్ తీసుకుని వెనక సీట్లోకి వెళ్ళిపోయాడు.