హిల్డెబ్రాండ్ గీతాన్ని మూలభాషలో చదివిన నా అనుభవం

ప్రాచీన జర్మన్ భాషలో మనకు దక్కిన వీరగీతం ఒక్కటే, అదే హిల్డెబ్రాండ్ గీతం, అదీ 68 పంక్తులే. 830 ప్రాంతంలో జర్మనీలోని ఫుల్డా క్రైస్తవ మఠానికి చెందిన ఇద్దరు లేఖకులు ఒక మతగ్రంథం మొదటి ఆకు మీదా చివరి ఆకు మీదా ఖాళీగా ఉన్న పుటల్లో దాన్ని రాసి పెట్టారు. ఆధునిక జర్మన్ నాకు కొంత వచ్చు. అనువాదంతో సరిపెట్టుకోకుండా మూలమే చదవాలని పట్టుబట్టాను.

మొదటి అడ్డంకి లిపి. రాతప్రతి జర్మనీలోని కాసెల్ నగరంలో ఉంది. 1945లో దొంగల పాలై అమెరికా చేరిన ఆ రెండు ఆకుల్లో ఒకటి 1972లో గానీ తిరిగి రాలేదు. ఇప్పుడు పుటల చిత్రాలు ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడవచ్చు. పద్యమే అయినా పాదాలు విడదీయకుండా వచనంలా రాసుకుపోయారు. ‘వ’ ధ్వనికి వాడిన అక్షరం చూడటానికి ఇంగ్లిష్ ‘పి’లా ఉంటుంది. కంటికి అది అలవాటయ్యాక భాష ఎదురు తిరిగింది. ఉత్తరాది శాక్సన్ రూపాలూ దక్షిణాది జర్మన్ రూపాలూ ఒకే వాక్యంలో కలిసిపోయి ఉంటాయి. ఒక నిఘంటువులో దొరకని మాట కోసం రెండోది తెరవాల్సిందే.

చివరికి దారి చూపింది ఛందస్సు. పాదం నడుమ విరుగుతుంది, పదాల మొదటి ధ్వనులు ఆ రెండు సగాలనూ కలుపుతాయి. ‘హిల్టిబ్రాంట్ ఎంటి హదుబ్రాంట్ ఉంటర్ హెరియున్ త్వేమ్’. అంటే, రెండు సేనల నడుమ హిల్డెబ్రాండ్, హాదుబ్రాండ్. మూడు చోట్ల ‘హ’! యతికి అలవాటుపడిన తెలుగు చెవి దీన్ని ఇట్టే పట్టుకుంటుంది. అచ్చులన్నీ ఒకదానితో ఒకటి చెల్లిపోవడం మాత్రం మన నియమాల కంటే వదులు. అప్పటి నుంచి ముందు గట్టిగా చదివి, ఏ ధ్వని తిరిగి వస్తోందో విని, ఆ తర్వాతే అర్థం వెతికాను. ఈ దారిలో నడవాలనుకునేవారు వ్యాకరణం ముట్టుకోకముందే గొంతెత్తి చదవాలని నా సలహా.

కథ చిన్నది. హిల్డెబ్రాండ్ ఇటలీని ఏలిన ఓడోవాకర్ ఆగ్రహం నుంచి తప్పించుకుని, భార్యనూ పసివాణ్ణీ వదిలి, గోతుల రాజు థియోడోరిక్ వెంట తూర్పుకు వెళ్లిపోయిన యోధుడు. ముప్పై ఏళ్లకు తిరిగి వస్తే ఎదుటి సేన ముందు నిలిచినవాడు ఆ కొడుకే. పెద్దవాడు కనుక తానే ముందు అడుగుతాడు, నీ తండ్రి ఎవరని. జవాబు వినగానే తెలిసిపోతుంది. హూణుల రాజు ఇచ్చిన బంగారు కడియాలు చేతి నుంచి తీసి ప్రేమగా ఇవ్వబోతాడు. కొడుకు నమ్మడు. తన తండ్రి చనిపోయాడని సముద్రం మీద తిరిగేవాళ్లు చెప్పారంటాడు. కానుకను బల్లెం మొనతోనే అందుకోవాలి, నువ్వు జిత్తులమారి ముసలి హూణుడివి అంటాడు.

ఆ తర్వాతి పంక్తుల దగ్గర చాలా రోజులు ఆగిపోయాను. వేసవులూ చలికాలాలూ కలిపి అరవై పరదేశంలో గడిపాను, ఏ కోట దగ్గరా నాకు చావు రాలేదు, ఇప్పుడు నా బిడ్డే నన్ను కత్తితో నరకాలి, లేదా నేనే వాణ్ణి చంపాలి అని తండ్రి విలపిస్తాడు. అంతలోనే, ఇంతగా కోరుకుంటున్న నీకు పోరు నిరాకరించేవాడు పరమ పిరికివాడు అంటాడు. రెండు సేనలూ చూస్తున్నాయి మరి. ముప్పై ఏళ్లు అతణ్ణి బతికించిన శౌర్యమే ఇప్పుడు వెనక్కి తగ్గనివ్వదు. జర్మానిక్ వీరుడంటే బలశాలి మాత్రమే అనుకునేవారు ఈ చోటు చదవాలి. మన బభ్రువాహనుడికి ఎదుట ఉన్నది తండ్రేనని తెలుసు, పడిపోయిన అర్జునుణ్ణి ఉలూపి మణితో బతికించుకున్నారు. ఇక్కడ నిజం తెలిసినవాడు తండ్రి ఒక్కడే, మణి తెచ్చేవారు ఎవరూ లేరు.

ఈటెలు విసురుకుంటారు, చెక్క డాళ్లు తుక్కయ్యేదాకా నరుక్కుంటారు. అక్కడితో పుట అయిపోతుంది, గీతమూ తెగిపోతుంది. ఆ తర్వాతి కాలపు జర్మన్ గాథలో తండ్రీకొడుకులు కలిసిపోతారు. ఒక నార్స్ (పాత స్కాండినేవియా) కథలో మాత్రం చనిపోతున్న హిల్డెబ్రాండ్ కన్నకొడుకును చంపానని చెబుతాడు. నేను నార్స్ కథ వైపే ఉన్నాను. దేవుణ్ణి పిలిచి మరీ ‘ఘోరమైన విధి జరగబోతోంది’ అని తండ్రి చేత అనిపించిన కవి, ఆ ఇద్దరినీ కలిపి ఇంటికి పంపి ఉంటాడని నాకు అనిపించదు.