మూడో అంతస్తు వెనక గదులు

మా అన్న కూతురు పదో తరగతి. మొన్న ఆదివారం పొద్దున్నే ఆవర్తన పట్టిక ముందేసుకుని, "చిన్నాయనా, మూడో కర్పరంలో 18 ఎలక్ట్రాన్లు పడతాయంట. మరి మూడో వరసలో 8 మూలకాలే ఉన్నాయేంది?" అంది. కర్పరం అంటే పరమాణువు కేంద్రకం చుట్టూ ఎలక్ట్రాన్లుండే పొర.

ఇదే ప్రశ్న నేను ఇంటర్లో అడిగితే మా లెక్చరర్ "ముందు బట్టీ పట్టు" అన్నారు. పట్టాను. మార్కులొచ్చాయి గానీ జవాబు రాలేదు.

పాపకి లాడ్జి కథ చెప్పాను. తిరుపతి స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో మా నాయన గుమాస్తా. పెరటాసి శనివారాలొస్తే తమిళ యాత్రికులతో కిటకిట. ఇత్తడి బిళ్లల తాళంచెవులు అందివ్వడం నా పని. మూడో అంతస్తులో ముందువైపు గదులు నిండగానే నాయన వెనక గదులివ్వడు. అక్కడికి పోవాలంటే లిఫ్ట్ దిగి, చీకటి వరండా దాటి, మళ్లీ సన్న మెట్లెక్కాలి. దానికన్నా నాలుగో అంతస్తులో లిఫ్ట్ పక్కనున్న రెండు గదులే నయం. అవి ఇచ్చాకే వెనక గదుల తాళాలు కదిలేవి.

పొటాషియం చేసేదీ అదే. కర్పరాన్ని అంతస్తు అనుకుంటే ఎస్, పి, డి, ఎఫ్ అనేవి అందులో గదుల గుంపులు. మూడో అంతస్తులో ఎస్, పి ముందు గదులు, డి వెనక గదులు. ఆర్గాన్ దాకా మూడో కర్పరంలో ఎస్‌లో 2, పి‌లో 6 నిండాయి. డి‌లో పది ఖాళీలున్నా, 19వ ఎలక్ట్రాన్‌కి 4ఎస్‌లో (నాలుగో అంతస్తులో లిఫ్ట్ పక్క గదుల్లో) చేరడమే తేలిక. కొత్త అంతస్తు తెరిచారు కాబట్టి పట్టికలో కొత్త వరస. కాల్షియంతో ఆ రెండూ నిండాక, స్కాండియం నుంచి జింక్ దాకా వెనక గదులు. మూడో అంతస్తువే అయినా నాలుగో వరస మధ్యలో కూర్చున్నాయి. అందుకే ఆ వరసలో 18. వరస ముగిసేది కర్పరం నిండినప్పుడు కాదు, పి నిండినప్పుడు. మొదటి వరసకి పి లేదు, అది వేరే సంగతి.

ఇక పట్టిక ఆకారం చూడండి: ఎడమన రెండు నిలువు వరసలు, కుడిన ఆరు, మధ్యలో పది, కింద విడిగా పరిచిన పద్నాలుగు. ఎస్, పి, డి, ఎఫ్‌ల లెక్కే అది. హీలియం ఒక్కటే ఎస్‌ది అయ్యుండీ గుణం చూసి నియాన్ నెత్తినెక్కింది. 1869లో మెండలీవ్ పట్టిక వేసేనాటికి ఎలక్ట్రాన్ ఉందనే ఎవరికీ తెలీదు, థామ్సన్ దాన్ని కనిపెట్టింది 1897లో. గుణాలు, బరువులు చూసుకుంటూ ఆయన ఇంత దగ్గరికి రావడం నాకిప్పటికీ ఆశ్చర్యమే.

ఖాళీ చేసేటప్పుడూ లిఫ్ట్ పక్క వాళ్లే ముందు. ఇనుము రెండు ఎలక్ట్రాన్లు వదులుకుంటే అవి పోయేది 4ఎస్ నుంచే. వెనక గదుల్లో మనుషులు చేరాక అవి లోపలికి ఒదిగిపోతాయి, 4ఎస్ బయట మిగులుతుంది.

పాప కాసేపు పట్టిక కేసి చూసి, "మరి క్రోమియంకి 4ఎస్‌లో ఒకటే ఉంది కదా? రెండో గది ఇవ్వకుండానే వెనక తాళం ఎవరు తీశారు?" అంది.

"దోసె చల్లారిపోతోంది, ముందు తిను" అన్నాను.